పీజీ అయ్యాక ఉద్యోగానికి అప్లై చేయడం ఎలా? నల్లగొండ, పాలమూరు పిల్లల కోసం

"అన్నా, ఫైనల్ సెమిస్టర్ అయిపోయింది. ఇగ ఎక్కడ అప్లై చెయ్యాలె? రెజ్యూమేల ఏం రాయాలె? నాకు ఎక్స్‌పీరియన్స్ లేదు గదా?"

నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీ, వాటి కింద ఉన్న పీజీ కాలేజీల పిల్లలు ఏటా ఈ మూడు ప్రశ్నలే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతున్నారు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను. నేను ఎంఎస్సీ కెమిస్ట్రీ చదివి ఫార్మాలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేశాను కాబట్టి ఉదాహరణలు అటువైపువే ఎక్కువ ఉంటాయి. ఎంకాం, ఎంఏ వాళ్ళకు తేడా ఉన్నచోట విడిగా చెప్తాను.

మూడో ప్రశ్నకు ముందే జవాబు చెప్తున్నా. అనుభవం లేదన్న మాట నిజం కాదు. రెండేళ్ళు ల్యాబ్‌లో నిలబడ్డారు, ప్రాజెక్ట్ చేశారు, సెమినార్లు ఇచ్చారు. దాన్ని కాగితం మీద ఎలా పెట్టాలో ఎవరూ చెప్పలేదు, అంతే. కింద 4వ మెట్టు దానికోసమే. తొందరలో ఉంటే ముందు అదొక్కటి చదవండి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ, పీజీ మెమోలు, ప్రొవిజనల్, టీసీ. ప్రతిదానికి 3 జిరాక్సులు.
- ఇవన్నీ స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటోలు వద్దు. ఒక్కో ఫైలుకు దాని పేరు పెట్టండి: పీజీ మెమో, కులం సర్టిఫికెట్, ఇలా.
- మీసేవలో తీసుకున్న కులం, ఆదాయం సర్టిఫికెట్లు. ఈడబ్ల్యూఎస్ వాళ్ళు ఏటా కొత్తది తీసుకోవాలి.
- మీ పేరుతో ఉన్న ఈమెయిల్. దాని పాస్‌వర్డ్ మీకే తెలియాలి. ఇంటర్నెట్ సెంటర్ వాళ్ళు పెట్టిన పాస్‌వర్డ్‌ను ఈ రోజే మార్చండి.
- ఆధార్‌కు లింకైన, మార్చే ఉద్దేశం లేని ఫోన్ నంబర్. ఊళ్ళో సిగ్నల్ సరిగా ఉండదనుకుంటే ఇంట్లోవాళ్ళ నంబర్ రెండోదిగా ఇవ్వండి. కంపెనీ నుంచి ఫోన్ వస్తే ఏం చెప్పాలో వాళ్ళకు ముందే చెప్పి ఉంచండి.
- ఒక 100 పేజీల నోట్‌బుక్. దేనికో 6వ మెట్టులో చెప్తాను.

ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి ఉందని కాలేజీ సర్టిఫికెట్లు ఇవ్వకపోతే నోటితో బతిమాలుకుంటూ తిరగకండి. ప్రిన్సిపాల్ పేరు మీద దరఖాస్తు రాసి, రెండో కాపీ మీద తేదీతో సంతకం, ముద్ర తీసుకోండి. విద్యార్థుల ఒరిజినల్స్ కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా కదలకపోతే యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఆ దరఖాస్తు కాపీ అప్పుడు పనికొస్తుంది.

1. పేరు అన్నిచోట్లా ఒకేలా ఉందా చూడండి

దీన్ని మొదట పెట్టడానికి కారణం ఉంది. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, డిగ్రీ మెమోలో ఒక్క అక్షరమే ఉంది, ఆధార్‌లో పేరు ముందు, ఇంటిపేరు వెనక. ఒక కంపెనీలో ఇంటర్వ్యూ అయి, సెలెక్ట్ అయి, జాయినింగ్ రోజు సంచితో వెళ్ళాక కాగితాలు చూసి ఆపేశారు. సరిచేయించుకుని వచ్చేసరికి నెల దాటింది, ఆ పోస్టు వేరేవాళ్ళకు వెళ్ళిపోయింది. ఆ రోజు బస్సులో తిరిగొస్తూ పడ్డ బాధ మీలో ఎవరికీ రాకూడదు.

పద్ధతి ఇదీ. పదో తరగతి మెమోను పక్కన పెట్టుకుని, మిగతా ప్రతి కాగితంలో మీ పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే పదో తరగతి మెమోలో ఉన్నట్టే మిగతావి మార్పించుకోండి. యూనివర్సిటీ మెమో అయితే కాలేజీ ద్వారా పరీక్షల విభాగానికి దరఖాస్తు. ఆధార్ అయితే ఏ రుజువు కావాలో సెంటర్‌లో ముందే కనుక్కుని వెళ్ళండి. ఆధార్‌లో పేరు మార్పుకు రెండుసార్లు, పుట్టినతేదీకి ఒక్కసారి మాత్రమే అవకాశం ఉంటుంది. స్లిప్ మీద స్పెల్లింగ్ చూడకుండా సంతకం పెట్టొద్దు.

2. ఏ దారిలో అప్లై చేస్తున్నారో తేల్చుకోండి

ప్రైవేటు కంపెనీ, టీచింగ్, ప్రభుత్వ పరీక్ష, పరిశోధన. ఈ నాలుగింటికీ కావలసిన కాగితం వేరు, చదువు వేరు, ఎదురుచూసే కాలం వేరు. ఒకటి ప్రధానం, ఒకటి పక్కన. అంతకు మించి పెట్టుకోకండి.

కెమిస్ట్రీ, బయోటెక్నాలజీ వాళ్ళు మనకు దగ్గరలో ఉన్నవి ముందు చూడండి: చౌటుప్పల్ చుట్టుపక్కల, జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్, కొత్తూరు, షాద్‌నగర్. మట్టంపల్లి, మేళ్ళచెరువు, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల ల్యాబుల్లోనూ కెమిస్టులు కావాలి. ఈ సంగతి చాలామంది పిల్లలకు తట్టదు. ఎంకాం వాళ్ళకు ఆడిటర్ ఆఫీసులో ఏడాది జీఎస్టీ రిటర్నులు, ట్యాలీ పని చేయడం మంచి మొదలు. జీతం తక్కువే, నేర్చుకునేది ఎక్కువ.

డిగ్రీ కాలేజీ, యూనివర్సిటీల్లో టీచింగ్ అనుకుంటే నెట్ గాని, సెట్ గాని ఉండాలి. తెలంగాణ సెట్ మన రాష్ట్రంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు పనికొస్తుంది, నెట్ దేశమంతా చెల్లుతుంది. నెట్‌ను ఫైనలియర్‌లో ఉండగానే రాయొచ్చు. ఫలితం వచ్చిన 2 ఏళ్ళలోపు పీజీ పూర్తి కావాలి. పీజీలో 55 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్), దివ్యాంగులకు 50. 54.8 వస్తే దాన్ని 55 అని రాయకండి, రౌండింగ్ ఒప్పుకోరు. పరిశోధన వైపు మనసుంటే హైదరాబాద్‌లో ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ వెబ్‌సైట్లలో ప్రాజెక్ట్ అసోసియేట్ పోస్టుల కోసం వారానికోసారి చూడండి.

ప్రభుత్వ పరీక్షల వాళ్ళు టీజీపీఎస్సీలో ఓటీఆర్ (ఒక్కసారి చేసే రిజిస్ట్రేషన్) వివరాలు సరిచూసి పెట్టుకోండి. ఒక మాట మాత్రం మనసులో ఉన్నది చెప్తాను. నోటిఫికేషన్ వస్తుందని హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కోచింగ్ కోసం రూమ్ తీసుకుని మూడేళ్ళు, నాలుగేళ్ళు కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు. చదవొద్దని అనను. ఇంట్లో పరిస్థితి చూసుకుని, ఎన్నాళ్ళు చదవాలో ముందే అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడుకోండి. చిన్న ఉద్యోగం చేస్తూ పొద్దున జిల్లా గ్రంథాలయంలో రెండు గంటలు చదివి కొలువు కొట్టినవాళ్ళూ ఉన్నారు.

3. ప్రకటనను పెన్సిల్‌తో చదవండి

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను నమ్మి అప్లై చేయొద్దు. కంపెనీ లేదా సంస్థ సొంత వెబ్‌సైట్‌లో అదే ప్రకటన ఉందా చూడండి. ఉంటే ప్రింట్ తీసుకుని మూడు విషయాల కింద గీత గీయండి: చదువు, చేయాల్సిన పని, చివరి తేదీ. పని వివరాల్లో వాళ్ళు అడిగిన ప్రతి అంశం పక్కన మీరు చేసినది ఒకటి రాయండి. సగానికి ఎదురుగా ఏమీ రాయలేకపోతే ఆ పోస్టును వదిలేసి ఇంకోటి చూడండి. మూడింట రెండొంతులు రాయగలిగితే అప్లై చేయండి. అన్నీ ఉండాలని ఆగొద్దు.

ఇక్కడ ఎక్కువ జరిగే రెండు తప్పులు: సీజీపీఏను శాతంగా మార్చేటప్పుడు మీ యూనివర్సిటీ సూత్రం చూడకుండా ఊరికే పదితో గుణించడం, కేంద్ర ఉద్యోగానికి రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ జతచేయడం. కేంద్రానికి ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్, వాళ్ళ నమూనాలో కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు, అది కూడా ముందే చూసుకోండి.

4. ప్రాజెక్టును ఉద్యోగానుభవంలా రాయండి

నాకు వచ్చే రెజ్యూమేల్లో ప్రాజెక్ట్ గురించి ఒక్క వరసే ఉంటుంది: "భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ అధ్యయనం". అంతే. "ఎన్ని శాంపిళ్ళు తెచ్చినవ్ తమ్ముడూ?" అని అడిగితే మాత్రం అరగంట చెప్తాడు. బస్సులో మర్రిగూడ పోవడం, బోర్ల దగ్గర నీళ్ళు పట్టడం, గాజు సీసాలు కాక ప్లాస్టిక్ సీసాలు ఎందుకు వాడాడో, మీటర్ రీడింగ్ నిలవకపోతే ఏం చేశాడో. "మరి ఇదంతా రెజ్యూమేల ఎందుకు లేదు?" అంటే, "గివన్నీ రాయొచ్చా అన్నా?" అంటాడు.

రాయాలి. అదే మీ అనుభవం. ఈ ఐదు ప్రశ్నలకు ఒక్కో వాక్యం రాయండి:

ఏం చేశారు? ఎక్కడ, ఎన్ని? ఏ పరికరం, ఏ పద్ధతి? ఎక్కడ ఇబ్బంది వచ్చింది, ఎలా దాటారు? చివరికి ఏం తేలింది?

రెజ్యూమే ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. అర్థం తెలియడానికి ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. పై ప్రాజెక్ట్ ఇలా అవుతుంది:

"మర్రిగూడ, మునుగోడు మండలాల్లో 24 బోర్ల నీటిని ప్లాస్టిక్ సీసాల్లో సేకరించాను. టిసాబ్ బఫర్ కలిపి అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో ఫ్లోరైడ్ కొలిచాను. ప్రతి నమూనాకు 3 రీడింగుల సగటు తీసుకున్నాను. రీడింగ్ నిలవనప్పుడు ఎలక్ట్రోడ్‌ను స్టాండర్డ్ ద్రావణాలతో మళ్ళీ కాలిబ్రేట్ చేశాను. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన బోర్లను మ్యాప్‌లో గుర్తించాను."

24 ఉదాహరణకే. మీ లెక్క మీరు రాయండి, ఉన్నదే రాయండి. ఇది చదివిన మేనేజర్‌కు మీరు శాంపిల్ తీయగలరని, కాలిబ్రేషన్ తెలుసని, రికార్డు రాస్తారని అర్థమవుతుంది. ఫార్మా ల్యాబ్‌లో మొదటి ఏడాది చేయించేది సరిగ్గా ఆ పనులే.

ఎంకాం అయితే: మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు మూడేళ్ళ బ్యాలెన్స్ షీట్లు తీసుకుని, పెట్టుబడి ఎన్ని రోజులు ధాన్యం నిల్వలో ఉండిపోతోందో ఎక్సెల్‌లో లెక్కగట్టాను. ఎంఏ, ఎంఎస్‌డబ్ల్యూ అయితే: కోస్గి, మద్దూరు వైపు వలస వెళ్ళే 60 కుటుంబాల దగ్గరికి ఇంటింటికీ వెళ్ళి, ప్రశ్నావళి నేనే తయారుచేసి, వివరాలు సేకరించాను. స్వచ్ఛంద సంస్థల్లో ఫీల్డ్ పోస్టులకు ఈ ఒక్క వాక్యమే మిమ్మల్ని ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తుంది.

ప్రాజెక్టును బయట కొనుక్కున్నవాళ్ళు కూడా ఉంటారు. మిమ్మల్ని తిట్టడానికి రాయడం లేదు. దాన్ని మాత్రం రెజ్యూమేలో పెద్దగా పెట్టకండి. రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. దాని బదులు మీ చేతులతో చేసిన 3 ప్రాక్టికల్స్ తీసుకుని పై ఐదు ప్రశ్నలతో రాయండి. రెండు మూడు వారాలు టైముంటే మీ సార్‌ను అడిగి చిన్న పని ఒకటి మొదట్నుంచి చివరిదాకా స్వయంగా చేయండి. సెలవుల్లో ల్యాబ్ తెరవమంటే కాదనే సార్లు తక్కువ.

సరిగ్గా రాశారో లేదో చూసుకోవడం ఇలా: స్నేహితుడికి కాగితం ఇచ్చి, ప్రతి వాక్యం మీద వరసగా మూడుసార్లు "ఎందుకు?" అని అడగమనండి. ప్లాస్టిక్ సీసా ఎందుకు? టిసాబ్ ఎందుకు? 3 రీడింగులు ఎందుకు? ఎక్కడ నోరు ఆగిపోతుందో అక్కడ ఆ రాత్రే చదవండి. చదివినా చెప్పలేకపోతే ఆ వాక్యం తీసేయండి.

5. మిగతా రెజ్యూమే

ఒక్క పేజీ, మరీ ఎక్కువైతే రెండు. పైన పేరు, ఫోన్, మెయిల్, ఊరు. తర్వాత చదువు, పీజీ మొదట, పదో తరగతి చివర. తర్వాత ప్రాజెక్ట్, వాడిన పరికరాలు. ఇంటర్నెట్ సెంటర్‌లో అందరికీ ఇచ్చే ఆ పాత "ఆబ్జెక్టివ్" పేరా తీసేయండి. క్లాసులో నలభై మందికీ అదే ఉంటుంది. హెచ్‌పీఎల్‌సీ మెషీన్‌ను దూరం నుంచి చూసి ఉంటే "ఆపరేట్ చేశాను" అని రాయొద్దు, "సూత్రం తెలుసు, డెమో చూశాను" అని రాయండి. ఫ్రెషర్ నుంచి వాళ్ళు అంతకంటే ఎక్కువ ఆశించరు.

నకిలీ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ జోలికి అసలు వెళ్ళొద్దు. ఐదారు వేలు తీసుకుని ఇప్పిస్తామనేవాళ్ళు ఉంటారు. పీఎఫ్ ఖాతాకు ఇచ్చే యూఏఎన్ నంబర్‌తో మీరు ఎక్కడ, ఎన్నాళ్ళు పనిచేశారో కంపెనీ చూసుకోగలదు. దొరికితే ఉద్యోగం పోవడమే కాదు, ఆ రంగంలో అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే, మాట పాకుతుంది.

6. పంపడం, రాసిపెట్టుకోవడం

పీడీఎఫ్‌గానే పంపండి. ఫైలు పేరులో మీ పేరు, సబ్జెక్టు ఉండాలి. మెయిల్ సబ్జెక్ట్ లైన్‌లో పోస్టు పేరు, మీ పీజీ, మీ పేరు. లోపల నాలుగు వాక్యాలు చాలు: ఏ పోస్టు, ఏం చదివారు, ఆ పనికి దగ్గరగా మీరు చేసింది ఒకటి, ఎప్పుడు చేరగలరు. మెయిల్ ఖాళీగా వదిలి ఫైలు మాత్రమే జతచేయొద్దు. ఒకే మెయిల్‌లో ఇరవై కంపెనీల అడ్రసులు పెట్టొద్దు, అందరికీ అందరూ కనపడతారు.

పంపాక నోట్‌బుక్‌లో రాయండి: తేదీ, సంస్థ, పోస్టు, ఏ రెజ్యూమే పంపారు, ఏం జవాబు వచ్చింది. పది రోజులు చూసి ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయండి. రోజూ ఫోన్ చేయకండి.

ఆన్‌లైన్ ఫారం ఇంటర్నెట్ సెంటర్‌లో నింపిస్తే, సబ్మిట్ కొట్టేముందు స్క్రీన్ మీద ప్రతి గడీ మీరే చదవండి. పక్కన కూర్చున్న పది మందివీ నింపుతూ సెంటర్ ఆయన తప్పు కొడితే నష్టపోయేది మీరే. చివరి రోజు దాకా ఆగొద్దు, సర్వర్ మొరాయిస్తుంది.

7. వాకిన్ (నేరుగా వెళ్ళి హాజరయ్యేది), ఇంటర్వ్యూ

ముందురోజే రూట్ చూసుకోండి. తొమ్మిదింటికి అన్నారంటే ఎనిమిదిన్నరకు గేటు దగ్గర ఉండాలి. క్వాలిటీ కంట్రోల్ ఇంటర్వ్యూల్లో ఫ్రెషర్లను అడిగేవి చాలావరకు మూలాలే: మొలారిటీకి, నార్మాలిటీకి తేడా, బీర్ లాంబర్ట్ నియమం, పీహెచ్ మీటర్‌ను ఏ బఫర్లతో కాలిబ్రేట్ చేస్తారు, రివర్స్ ఫేజ్‌లో కాలమ్ ఏది, కార్ల్ ఫిషర్‌తో ఏం కొలుస్తారు, యాక్యురసీకి ప్రెసిషన్‌కు తేడా. పెద్ద పెద్ద రియాక్షన్లు బట్టీపట్టి వీటి దగ్గర తడబడేవాళ్ళను ఎంతమందిని చూశానో.

ఇంగ్లిష్ గురించి టెన్షన్ పడేవాళ్ళకు ఒక మాట. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదవడం తప్పు కాదు, దాచాల్సిన విషయమూ కాదు. పరిచయం నాలుగు చిన్న వాక్యాల్లో, మీ సొంత మాటల్లో ఇంగ్లిష్‌లో చెప్పండి. సబ్జెక్టు ప్రశ్నకు కాగితం అడిగి బొమ్మ గీసి చెప్పండి. ఎక్కడైనా ఆగిపోతే "సర్, తెలుగులో వివరించొచ్చా?" అని అడగండి. టెక్నికల్ రౌండ్‌లో చాలామంది సరే అంటారు. తెలియని ప్రశ్నకు ఊహించి చెప్పడం కంటే తెలియదనడం మేలు. ల్యాబ్‌లో ఊహించి రాసేవాళ్ళంటేనే వాళ్ళకు భయం.

చెల్లెళ్ళకు ప్రత్యేకంగా: నైట్ షిఫ్ట్ ఉంటుందా, కంపెనీ బస్సు ఎక్కడిదాకా వస్తుంది, హాస్టల్ ఉందా అని చివర్లో అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని ఆగొద్దు. ఇంట్లో నాన్న మొదట అడిగేది అదే, జవాబు మీ దగ్గర ఉండాలి.

8. డబ్బు అడిగితే ఆగిపోండి

రిజిస్ట్రేషన్ అని, ట్రైనింగ్ అని, సెక్యూరిటీ డిపాజిట్ అని, ల్యాప్‌టాప్ కొరియర్ అని ఏ పేరుతో అడిగినా అది ఉద్యోగం కాదు. ప్రభుత్వ పరీక్ష ఫీజు అధికారిక వెబ్‌సైట్‌లో మాత్రమే కట్టండి. "లోపల మనిషి ఉన్నడు" అనేవాళ్ళకు పొలం అమ్మి డబ్బులిచ్చిన కుటుంబాలు మన జిల్లాల్లో ఉన్నాయి. డబ్బు వేశాక మోసమని తెలిస్తే సిగ్గుపడి దాచకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

9. ఎక్కడ ఆగిపోతోందో నోట్‌బుక్ చెప్తుంది

ఇరవై అప్లికేషన్ల తర్వాత తెరిచి చూడండి. ఒక్క కాల్ కూడా రాలేదంటే లోపం రెజ్యూమేలోనో, పోస్టుల ఎంపికలోనో ఉంది. 3, 4 మెట్లకు తిరిగి వెళ్ళండి. పిలుస్తున్నారు గాని సెలెక్ట్ కావడం లేదంటే సబ్జెక్టు మూలాలు. ప్రతి ఇంటర్వ్యూ అయిన రోజే, బస్సులో కూర్చునే, అడిగిన ప్రశ్నలన్నీ రాసుకోండి. ఐదు ఇంటర్వ్యూలయ్యేసరికి అవే ప్రశ్నలు తిరిగి రావడం మీకే కనిపిస్తుంది. ఆ పేజీని మీ జూనియర్లకు కూడా ఇవ్వండి.

10. ఆఫర్ వచ్చాక

సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) వేరు, చేతికొచ్చేది వేరు. ఏడాదికి 2,40,000 అన్నారనుకోండి, నెలకు 20,000 వస్తాయని ఇంట్లో చెప్పకండి. బేసిక్ 10,000 అనుకుంటే కంపెనీ కట్టే పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 3.25 శాతం ఆ ఇరవై వేలల్లోనే ఉంటాయి. అవి పోతే మీ గ్రాస్ (మీ కోతలకు ముందు జీతం) సుమారు 18,200. అందులోంచి మీ పీఎఫ్ 1,200, మీ ఈఎస్ఐ 0.75 శాతం, వృత్తిపన్ను 150 పోతే చేతికి సుమారు 16,700. క్యాంటీన్, బస్సు కోతలు ఉంటే ఇంకా తగ్గుతుంది. రూమ్ అద్దె లెక్క ఈ అంకె మీద వేసుకోండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెంటనే తిరిగి తీసుకోండి. తమ దగ్గరే ఉంచుకుంటామంటే ఎందుకో, ఎన్నాళ్ళో రాతపూర్వకంగా అడగండి. రాసివ్వకపోతే ఆ ఆఫర్ గురించి ఇంకోసారి ఆలోచించండి. బాండ్ ఉంటే సంతకానికి ముందు ఎన్నేళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్న రెండు వరసలు వెతికి చదవండి.

చేరిన మొదటి నెల నుంచి పేస్లిప్పులు దాచుకోండి. మూడో జీతం పడ్డాక ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, మీ దగ్గర కోసిన డబ్బు అందులో పడిందో లేదో చూడండి. పడకపోతే హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి, ఆ మెయిల్ కాపీ మీ సొంత మెయిల్‌కు కూడా పెట్టుకోండి.